ఆవగింజంత చోటు

మా డైనింగ్ టేబుల్‌ని నేను రోజుకు ఏడుసార్లు తుడుస్తాను. ఇడ్లీలయ్యాక ఒకసారి, అత్త కాఫీ ఒలకబోశాక ఒకసారి, తాను ఒలకబొయ్యలేదని వాదించాక ఇంకోసారి. పదకొండింటికి మా అత్త రాజాత్తి టీవీ ముందు కూర్చుంటుంది, సీరియల్లో ఇంకెవరింటి కోడలి కష్టాలకో ఏడవడానికి. సొంత కోడలి కష్టాలకు ఏడవాలంటే తల తిప్పితే చాలు, కానీ మెడనొప్పి. ఆ రెండు గంటలూ బల్ల నాది. తడి ఆరనిచ్చి, ట్రేసింగ్ కాగితం పరిచి, నాలుగు మూలలా ఉప్పు డబ్బా, పచ్చడి జాడీ, చింతపండు డబ్బా, మా ఆయన బీపీ మాత్రల సీసా పెట్టి, ఇళ్ళు గీస్తాను. ఒంటిగంటకు అందరికీ ఆకలేస్తుంది. ఇళ్ళన్నీ చుట్టచుట్టి బీరువా మీదికి ఎక్కించి, అన్నం వడ్డిస్తాను. మూడింటికి అదే బల్ల మీద దుప్పటి పరిస్తే ఇస్త్రీ బల్ల. విష్ణుమూర్తికి పది అవతారాలకు కొన్ని యుగాలు పట్టాయి, మా బల్ల మధ్యాహ్నంలోపే సగం ఎత్తేస్తుంది.

విరుదునగర్‌లో సివిల్ డిప్లొమా చదివాను. ఫస్టు క్లాసులో ప్యాసై కోవిల్‌పట్టిలో కోడలినయ్యాను. మా ఆయన పాండియరాజన్‌దీ అదే డిప్లొమా. చదివాడు అనడం కన్నా చదువుతున్నాడు అనడం మర్యాద; రెండు పేపర్లు ఇప్పటికీ ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి. అయినా గుమ్మం పక్క బోర్డు మీద 'ఇంజనీరు పాండియరాజన్' అనే ఉంది. గీతలు నావి, కోతలు ఆయనవి. ప్రతి ప్లాను కింద కుడిమూలన సంతకం ఆయనది. ఆ మూలలో నా పేరెందుకు ఉండదని కొత్తలో అడిగాను. "మనమిద్దరం ఒకటి కాదామ్మే? ఎవురి పేరుంటే ఏమి?" అన్నాడు. ఒకటే అయితే నాది పెట్టు మామా అన్నాను. "సుమ్మా ఇరు" అన్నాడు, నోరు మూసుకోమని. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాది. కోపం మాత్రం రెండు భాషల్లోనూ నా మీదే వస్తుంది.

పెళ్ళయిన రెండో ఏట ఒక గది అడిగాను. గది కూడా కాదు, వెలుతురున్న చోట ఒక మూల. ముందు హాల్లో కిటికీ పక్కన మా ఆయన ఆఫీసు టేబుల్ ఉంది. దాని మీద ఫోను, గాజు పేపర్‌వెయిటు, అది కరిచిపట్టడానికి ఒక్క కాగితమైనా లేని నునుపైన అద్దం. ఆ టేబుల్ మీద పదమూడేళ్ళలో ఒక్క గీతా పడలేదు, అత్త పిల్లి గోకినది తప్ప. ఇల్లు మొత్తానికీ మంచి వెలుతురు అక్కడే. "ఆడికి ఇల్లు కట్టించే పార్టీలు వస్తారు. ఆడది కూచోనుంటే ఏం బాగుంటాది? అయినా ఇల్లంతా నీదే కదమ్మే, నీకు గదేంటికి?" అన్నాడు. నిజమే, ఇల్లంతా నాదే, తుడిచేటప్పుడు. ఇల్లాలు అనే మాటలో ఇల్లు ముందూ ఆలు వెనకా ఉండడం ఊరికే కాదు. నా పేరు చూస్తే పరమేశ్వరి. ఆ అసలు పరమేశ్వరుడు భార్య అడిగితే ఒంట్లో సగం ఇచ్చేశాడు. నేనడిగింది పది అడుగులు బై ఎనిమిది.

2004లో మా వ్యాపారానికి కొత్త గాలి సోకింది. మద్రాసులో ముప్పై ఏళ్ళు పొగ మింగినవాళ్ళు ఎట్టయాపురం, విళాత్తికుళం పక్కన కరిసల్ నేల, అంటే నల్లరేగడి, కొనుక్కుని, అక్కడే ఉండిపోతామని రావడం మొదలుపెట్టారు. మా పిల్లలు కోవిల్‌పట్టి కడలమిఠాయి, అదే పల్లీపట్టి, మూటగట్టుకుని మద్రాసు బస్సెక్కుతుంటే, వాళ్ళు ఎదురు బస్సులో దిగుతున్నారన్నమాట. అట్లా దిగినవాళ్ళే రంగనాథన్ గారు, ఆయన భార్య జోతి. ఆయన కంప్యూటర్ కంపెనీలో మేనేజరు, రాజీనామా చేశాడు. ఆవిడ ఇరవైరెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పింది, ఆవిడ చేత కూడా చేయించాడు. వాళ్ళదీ మా లాగే తెలుగు ఇల్లే, కాకపోతే మద్రాసు నీళ్ళతో కొంచెం పలచబడింది.

"ఇల్లు ఫ్లెక్సిబుల్‌గా ఉండాల సార్. ఒకే ఇల్లు ఎండాకాలం ఒక మాదిరి, వానాకాలం ఒక మాదిరి. చుట్టాలొస్తే నాలుగు గదులు, పోతే ఒకే గది. అప్పురం ఇంకోటి, సస్టైనబుల్‌గా ఉండాల. మట్టిగోడ, పేడతో అలికిన నేల, కట్టెల పొయ్యి, బావి. సిమెంటు వాసనే రాకూడదు" అన్నాడు రంగనాథన్. మా ఆయన పెద్ద ఇంజనీరులా తల ఊపాడు. వాళ్ళు వెళ్ళాక వంటింట్లోకి వచ్చి, "ఫ్లెక్సీతో ఇల్లు కట్టమంటుండాడా ఏమ్మే? గాలికి ఎగిరిపోదా?" అని అడిగాడు. ఊరంతా ఫ్లెక్సీ బోర్డులు లేస్తున్న రోజులు, ఆయన్నీ అనడానికి లేదు. టీ కప్పులు కడుగుతూ నేను అర్థం చెప్పాను. ఆ రోజంతా నాకు నవ్వాగలేదు. మడిస్తే బల్ల, పరిస్తే పరుపు, లాగితే గోడ, తోస్తే తలుపు. అట్లాంటి వస్తువు మా ఇంట్లో ఒకటుంది, దానికి పదమూడేళ్ళ నుంచి అన్నం వండడం కూడా వచ్చు.

నవ్వుకున్నా, ఆ ప్లాను మాత్రం ప్రాణం పెట్టి గీశాను. నడిమధ్య పెద్ద హాలు, దానికి తాటిచట్రాల్లో బిగించిన తడికల గోడలు. పట్టాల మీద జరిగేవి. మూసుకుంటే మూడు గదులు, తెరిస్తే దక్షిణపు గాలి ఈ చివరి నుంచి ఆ చివరికి తిన్నగా పోతుంది. కప్పు మీద పడ్డ వాన చుక్క కూడా పోకుండా వరండా కింద తొట్టి. కరిసల్ నేల ఎండకు నోరు తెరుస్తుంది, వానకు ఉబ్బుతుంది, ఈ రెండు గుణాలూ నాకు మా అత్త దగ్గర అలవాటే. అందుకే పునాది కంకర తగిలేదాకా తవ్వించి ఇసుక నింపాలని రాశాను. రంగనాథన్ కోరినవి ఒక్కటి కూడా వదల్లేదు. తూర్పున ధ్యానం చేసుకోవడానికి మంటపం, పుస్తకాల అర, విత్తనాలు దాచే గది, వేప కింద చేతికుర్చీ వెయ్యడానికి తిన్నె. పదకొండు నుంచి ఒంటిగంట దాకా, ఇరవైమూడు రోజులు. చివరి రోజు సీరియల్లో యాడ్స్ వస్తే అత్త లేచొచ్చి, నేను సాంబారు కలపడానికి వెళ్ళిన సందులో, దోసె ప్లేటు తెచ్చి కాగితం మీది ఆ ఇంటి నడిహాల్లో పెట్టుకుని తినిపోయింది. నేనొచ్చి తుడిచాను. అది ఆ రోజు అయిదో తుడుపు. చూసి తుడిచాననే అనుకున్నాను.

వారం తర్వాత, ఉదయం తొమ్మిదికి ఫోను. "వెంటనే బస్సెక్కి సైటుకి రా. ఒరిజినల్ ట్రేసింగ్ ఎత్తుకోని రా" అన్నాడు మా ఆయన. నన్ను సైటుకు పిలవడం అదే మొదలు. ఆడది సైటుకొస్తే మేస్త్రీలకు బూతులు రాక పని సాగదని ఆయన సిద్ధాంతం. స్టవ్వు ఆపి, ఉన్న చీరతోనే ఎట్టయాపురం బస్సెక్కాను. కాగితపు చుట్ట ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంటే, ఎంత భయంగా ఉందో అంత హాయిగానూ ఉంది. కాలేజీ నుంచి విరుదునగర్ బస్సులో ఇట్లాగే చుట్ట పట్టుకుని వచ్చేదాన్ని.

సైటులో సున్నంతో ముగ్గు పోసి ఉంది. మా పనిలో ఇల్లు మొదట పుట్టేది అక్కడే; ప్లాను మీది గీతలన్నీ నేల మీద అసలు కొలతల్లో సున్నపు గీతలవుతాయి, ఆ గీతల వెంట పునాది తవ్వుతారు. భూమిపూజకు పూలు, కొబ్బరికాయలు సిద్ధంగా ఉన్నాయి. రంగనాథన్ ముఖం మాత్రం పగలగొట్టిన కొబ్బరికాయలా ఉంది. ఎందుకంటే హాలు నట్టనడుమ, నా తడికల గోడలు జరగాల్సిన దారిలో, నిలువెత్తు గుంత. స్తంభానికని, పూజదాకా ఆగకుండా నిన్ననే తవ్వేశారట.

"నా తప్పేముండాదమ్మా?" అన్నాడు కందసామి మేస్త్రి, ప్రింటు నా ముఖానికి పట్టి. "ప్లానులో స్తంభం చుక్కుండాది, గుంత తీసినాము. సుక్కాన్ కంకర తగిలేదాకా తీసినాము, కావాలంటే దిగి సూడు."

"మా ఇంట్లో వాళ్ళు కాపీ చేసినప్పుడు మిస్టేక్ అయిపోయినాది సార్. ఆడవాళ్ళు చూడండి, కవనం తప్పి ఏమారినారు" అన్నాడు మా ఆయన రంగనాథన్‌తో. పదమూడేళ్ళలో మొదటిసారి ఒక ప్లానులో నాకు వాటా ఇచ్చాడు. ఇల్లు ఆయన గీశాడు, తప్పు నేను గీశాను.

కొబ్బరికాయల పక్కనే ట్రేసింగ్ పరిచాను. హాలు నడుమ నల్లగా చుక్క ఉంది. గోటితో గీకాను. ఊడొచ్చింది. వేలిమీద పెట్టుకుని వాసన చూశాను, మేస్త్రికి చూపించాను, ఆఖరికి రంగనాథన్ ముక్కు దగ్గర పెట్టాను. "ఆవగింజ సార్. మా అత్త చట్నీలోది. నలిగి అతుక్కుంది. ప్రింటు తీసేటప్పుడు వెలుతురుకు అడ్డం పడి స్తంభమైపోయింది." మొదట నవ్వింది జోతి. తర్వాత మట్టి తట్టలు మోసే వేలమ్మాళ్ నవ్వింది. ఆ ముసలామె నవ్వితే ఉన్న నాలుగు పళ్ళూ పని చేస్తాయి. "రసం పడుంటే బావి తవ్వేసిందుర్రా కందసామీ!" అంది.

"అయితే ఈ గీతలన్నీ మీవా?" అని అడిగింది జోతి నన్ను.

మా ఆయన దగ్గాడు. ఆ దగ్గు నాకు తెలుసు, సుమ్మా ఇరు అని దానికి అర్థం. "నావే" అన్నాను.

గుంత పూడ్చమని మేస్త్రికి చెప్పి, సున్నం డబ్బా నేనే తీసుకున్నాను. హాలు మళ్ళీ గీశాను. పొద్దున్నే వాకిట్లో ముగ్గు పెట్టే చెయ్యి ఇది, గీత వంకర పోదు. నా కాగితం మీది ఇల్లు, నా కాలి కింద అసలు సైజులో! పునాది అనే మాటలో 'నాది' ఉందని అప్పుడే చూశాను. కొంగు నడుముకి దోపుకుని, కొంచెం గర్వంగానే అన్నాను, "రాండి సార్, మీ ఇల్లు తిప్పి చూపిస్తాను. ఇది గుమ్మం. చెప్పులు బయట." రంగనాథన్ నిజంగానే చెప్పులు విడిచాడు. మంటపంలో కూర్చుని చూశాడు, పుస్తకాల గది కొలతలు అడుగులేసి చూశాడు, తిన్నె ఉండే చోట చేతులు వెనక పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖం మళ్ళీ పూర్తికాయ అయింది. "పేడ నేల మీద వట్టికాళ్ళతో నడస్తా ఉంటే, ఆ సల్లదనం... ఆహా" అన్నాడు.

"అది మంచిదే సామీ" అంది వేలమ్మాళ్, తట్ట తలమీంచి దించకుండానే. "వారానికి రెండుతూర్లు అలకాల. వానకాలమైతే మూడు. ఎవురు అలికేది?"

ఆమె ఎకసెక్కంగా అడగలేదు. పని చేసేవాళ్ళు పని గురించి అడిగే మాట. అందరి కళ్ళూ తిరిగాయి, కందసామివి, మా ఆయనవి, రంగనాథన్‌వి, గాలిపటాలన్నీ ఒక వైపుకే వాలినట్టు జోతి మీదికి. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, నా కళ్ళూ అటే తిరిగాయి.

"నేను నేర్చుకుంటా" అన్నాడు రంగనాథన్ ఎర్రబడి. మంచి మనిషే. పూజ చోటు అలకడానికి తెచ్చిన పేడనీళ్ళ బకెట్టు వేలమ్మాళ్ ఆయన ముందుకు జరిపింది. ఆయన ప్యాంటు మడిచి గొంతుక్కూర్చుని, రెండు జానల మేర అలికాడు. మూడో జానకు మోకాళ్ళు పట్టేసి, చేతులు గాల్లో పెట్టి, "ఎవరైనా లేపండి" అన్నాడు. మేస్త్రి లేపాడు. "నాకు గవర్నమెంటు ఇంట్లో సిమెంటు నేల పోసిననాడు పాయసం కాచినా సామీ" అంది వేలమ్మాళ్. "నలబయ్యేళ్ళు అలికినా. ఈ నడుము యాడ వంగిందనుకుంటుండావు?" ఒకరికి పేడ, ఇంకొకరికి పీడ. ఈ సస్టైనబుల్ అన్న ఇంగ్లీషు మాటను పెద్ద పెద్ద పుస్తకాల్లో ఎంతో వివరిస్తారుగానీ, నాకు ఆ బకెట్టు దగ్గర అర్థమైంది. ఇల్లు దానంతటది నిలబడదు. కిందెవరో నడుము వంచి ఉంటారు. అది ఎవరని ఎవరూ ప్లానులో రాయరు.

జోతి ఇంతసేపూ గీతల వెంట తిరుగుతూనే ఉంది. లెక్కల టీచరు కదా, పెదవులతో అడుగులు లెక్కపెట్టుకుంటోంది. బావి నుంచి వంటింటికి. వంటింటి నుంచి వరండాకి. మళ్ళీ బావికి. ఆఖరికి హాలు నడుమ, పూడ్చిన గుంత మీద నిలబడి, నన్నే అడిగింది.

"అన్నీ బాగుండాయి. నేను ఎక్కడ కూచునేది?"

"ఇల్లంతా నీదే కదా జోతీ!" అన్నాడు రంగనాథన్.

నాకు చెవిలో ఎవరో చిటికె వేసినట్టయింది. అదే మాట. అదే తీపి. కోవిల్‌పట్టిలో పుట్టిన మాట మద్రాసులో ఎట్లా చదువుకుందో, మద్రాసులో రాజీనామా చేసి మళ్ళీ ఈ కరిసల్ నేలకి ఎట్లా వచ్చిందో. వంగి ట్రేసింగ్ మీద వెతికాను. ఆయన ధ్యానానికి చోటుంది. ఆయన పుస్తకాలకు ఉంది. విత్తనాలకు ఒక గది ఉంది. వానకు తొట్టి ఉంది, గాలికి దారి ఉంది. ఇరవైరెండేళ్ళు బోర్డు ముందు నిలబడ్డ మనిషికి కూర్చోవడానికి చోటు లేదు. నిలబడ్డానికి ఉంది, పొయ్యి ముందు. గీసింది మగవాడైతే తిట్టి పోసేదాన్ని. మా ఆయన మీద వెయ్యడానికి కూడా వీల్లేదు, ఇప్పుడే అందరి ముందూ నావే అని చెప్పుకున్నాను. ఇరవైమూడు రోజులు నాకు చోటు లేదని తిట్టుకుంటూ కూర్చుని, ఇంకో ఆడదానికి చోటు లేని ఇల్లు గీశాను. ఆవగింజ ఒక్కటే నా తప్పు అనుకున్నాను. అది చట్నీ తప్పు. నా తప్పు ఇది.

"ఇరవై నిమిషాలివ్వండి" అన్నాను.

"ముహూర్తం పదిముప్పావుకే ముగిసిపోతాది" అన్నాడు మా ఆయన పళ్ళ మధ్య నుంచి. "పార్టీ ముందర పరువు తియ్యొద్దు."

"ముహూర్తం ఫ్లెక్సిబుల్‌గా ఉండదా సార్?" అంది జోతి, మా ఆయన వైపు చూడకుండానే.

కాలితో గీతలు చెరిపాను. వంటిల్లు బావి పక్కకు వచ్చింది. నేలకు ఎర్ర సిమెంటు అని చెప్పాను. పేడతో అలికేది మంటపం ఒక్కటే, ఆయన మోకాళ్ళు ఎన్ని జానలు సహిస్తే అన్ని జానలు. మంటపంలో సగం కోసి, తూర్పు కిటికీతో పది బై ఎనిమిది గీశాను. "ఇక్కడ గోడ జరుగుతుందా?" అని అడిగింది జోతి. "ఇంట్లో అన్ని గోడలూ జరుగుతాయి, ఇది జరగదు" అన్నాను. రంగనాథన్ తగ్గిన తన మంటపంలో కాసేపు నిలబడి, "ధ్యానానికి ఇంత చాలు" అన్నాడు. చాలకపోయినా అదే ధ్యానం. మార్పులన్నీ ప్రింటు మీద రాసి, పక్కన బాల్‌పెన్నుతో 'పరమేశ్వరి' అని సంతకం పెట్టాను. పది నలభైకి కొబ్బరికాయ కొట్టారు.

ఇంటికి వచ్చేటప్పుడు మా ఆయన మోటారు సైకిల్ మీద కోవిల్‌పట్టి దాకా పరువు తీశానని ఒకే మాట తిప్పి తిప్పి అన్నాడు. గాలికి సగం ఎగిరిపోయింది, మిగతాది నాకు తెలిసిందే. ఇంటికొచ్చాక అత్త తీర్పు చెప్పింది. "ఆవాలు నావే, ఒప్పుకుంటా. అయితే అన్నం తినే బల్ల మీద కాయితం పరచమని ఎవురు చెప్పినారు?" మొత్తం ఇంట్లో సరైన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

సైటు నుంచి సున్నం డబ్బా నాతోనే వచ్చింది, అడుగున ఇంకా కొంచెం ఉంది. మర్నాడు పొద్దున వాకిలి చిమ్మి, నీళ్ళు చల్లి, ముగ్గు బయట పెట్టలేదు. లోపలికి వచ్చాను. ముందు హాల్లో ఆఫీసు టేబుల్ అద్దం మీది ఫోను తీసి కింద పెట్టి, పేపర్‌వెయిటు దాని పక్కన పెట్టాను. కిటికీ లోపలికి వచ్చేలా, ఆయన ఈజీచెయిరు బయట ఉండిపోయేలా, తాడు పట్టి నేల మీద సున్నంతో గీశాను. పది అడుగులు బై ఎనిమిది. రెండున్నర అడుగుల సందు వదిలి, తలుపు ఎటు తెరుచుకుంటుందో ఆ వంపు గీత కూడా గీశాను. గడియ గుర్తు లోపలి వైపు పెట్టాను. ఆఫీసు టేబుల్ మీద ట్రేసింగ్ పరిచి కూర్చున్నాను. నాలుగు మూలలా ఏమీ పెట్టక్కర్లేకపోయింది, కిటికీ అద్దాలు మూస్తే వెలుతురు తప్ప గాలి రాదు.

ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి, గీత దగ్గర ఆగాడు. నురగ కారుతోంది. "ఏమ్మే ఇది?"

తల ఎత్తకుండానే చెప్పాను. "ఇల్లంతా నీదే మామా. ఈ గీత లోపల తప్ప."